నాలుగేళ్ల ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించాలా, కొత్త ఫోనే కొనాలా?

బడిగంట
ఏప్రిల్ 9, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2021 చివర్లో కొన్న ఫోను నాది. 6 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆండ్రాయిడ్ 11తో వచ్చి 13 దగ్గర ఆగిపోయింది. తెర మీద ఒక్క గీత పడలేదు, కెమెరా బాగుంది, వేగం నాకు చాలు.

బాధంతా బ్యాటరీతోనే. ఉదయం ఏడు గంటలకు నూరు శాతంతో ఇల్లు వదిలితే మధ్యాహ్నం రెండింటికి 15 శాతానికి వస్తోంది. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, పై అధికారుల సందేశాలు అన్నీ ఫోనులోనే కాబట్టి ఆగిపోతే ఇబ్బంది. ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం రాత్రి ఎనిమిది దాకా వస్తుంది. దుకాణంలో చూపిస్తే చేతిలోకి తీసుకోకుండానే "నాలుగేళ్లు దాటింది, మార్చేయండి సార్" అన్నారు. మా అబ్బాయి కూడా కొత్త ఫోన్లలో 7000 ఎంఏహెచ్ బ్యాటరీలు వస్తున్నాయని చెబుతున్నాడు.

పాతిక వేలు పెట్టే ముందు అసలు ఏమి పాడైందో తెలుసుకోవాలని ఉంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.

టంకం
ఏప్రిల్ 9, రాత్రి 9:05

మాస్టారూ, తొందరపడకండి. పద్నాలుగేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. "చచ్చిపోయింది" అంటూ నా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో చాలావాటికి కావలసింది బ్యాటరీ, లేకపోతే ఛార్జింగ్ పోర్టులో పేరుకున్న దూది తీయడం.

ముందు రెండు పనులు చేయండి. ఫోను కవరు తీసి బల్లద్దం మీద వెల్లకిలా పెట్టి మూలల్లో వేలితో మెల్లగా నొక్కండి. ఊగినా, వెనుక మూత అంచు లేచినా, తెర మధ్యలో పసుపు మచ్చలాంటిది కనిపించినా బ్యాటరీ ఉబ్బింది. అలా ఉంటే ఈ రాత్రే ఛార్జింగ్ ఆపేసి ఫోను ఆపివేయండి, తలగడ పక్కన అసలు పెట్టకండి. ఉబ్బు లేకపోతే రెండో పని. డయలర్‌లో *#*#4636#*#* కొట్టి చూడండి. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సమాచారం తెరుచుకుంటుంది. రాకపోతే ఆక్యుబ్యాటరీ యాప్ వేసి వారం రోజులు మామూలుగా వాడండి. మిగిలిన సామర్థ్యాన్ని అది అంచనా వేసి చెబుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. ఒకరోజు 60, మరునాడు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. మీకు రోజుకు దాదాపు ఒక సైకిల్ పడుతోంది. నాలుగేళ్లంటే 1,400 పైమాటే. ఆ కాలపు ఫోన్ల బ్యాటరీలు 500 నుంచి 800 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం నిలిపితే గొప్ప. మీది దాని పని అది చేసేసింది.

చిన్నతెర
ఏప్రిల్ 9, రాత్రి 10:40

టంకం గారు చెప్పినదంతా సరైనదే. కానీ మాస్టారి మాటల్లో ఒకటి నన్ను ఆపింది. బడిలో రెండు గంటలకు 15 శాతం, ఇంట్లో రాత్రి ఎనిమిది దాకా. అదే బ్యాటరీ, అదే ఫోను. మరి బడిలో ఏమి తాగేస్తోంది?

మాస్టారూ, రేపు సిబ్బంది గదిలో కూర్చుని సెట్టింగ్స్‌లో 'ఫోను గురించి' అన్న చోట సిమ్ స్టేటస్ తెరవండి. సిగ్నల్ బలం డీబీఎంలో, మైనస్ గుర్తుతో ఉంటుంది. ఇంటికి వచ్చాక మళ్లీ చూసి రెండూ రాయండి. సిమ్‌లు ఎన్ని ఉన్నాయో కూడా.

బడిగంట
ఏప్రిల్ 10, సాయంత్రం 5:50

ఉబ్బు లేదు, అద్దం మీద ఊగలేదు. సిబ్బంది గదిలో మైనస్ 116. ఇంట్లో మైనస్ 86. మా బడి పాత రాతి గోడల కట్టడం, టవరు ఊరి అవతల ఉంది. సిమ్‌లు రెండు. రెండోది పాత నంబరు, బ్యాంకు ఓటీపీల కోసం ఉంచాను. దానికి బడి దగ్గర సిగ్నలే ఉండదు.

చిన్నతెర
ఏప్రిల్ 10, రాత్రి 8:15

దొరికింది. మీరు గణితం మాస్టారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. డీబీఎం సంవర్గమాన కొలత. ప్రతి 10కి సిగ్నల్ శక్తి పది రెట్లు మారుతుంది. మీ ఇంటికీ బడికీ తేడా 30. అంటే మీ సిబ్బంది గదిలోకి వచ్చే సిగ్నల్ ఇంట్లో వచ్చేదానిలో వెయ్యో వంతు.

టవరు మాట మనకు వినబడటం ఒక సంగతి, మన మాట టవరుకు చేరడం మరో సంగతి. దూరంలో ఉన్నవారిని పిలవాలంటే గొంతు పెంచుతాం. ఫోనూ అంతే. దగ్గర్లో టవరు ఉంటే మిల్లీవాట్ లోపు శక్తితో సరిపెట్టుకునే రేడియో, అందనప్పుడు తన గరిష్ఠం దాకా వెళుతుంది. 4జీ ఫోన్లకు ఆ గరిష్ఠం సుమారు 200 మిల్లీవాట్లు. దానికి తోడు 5జీ కాసేపు అంది, కాసేపు అందక, అటూ ఇటూ మారుతూ ఉంటుంది. మీ రెండో సిమ్ అయితే లేని టవరు కోసం పొద్దంతా వెతుకుతూనే ఉంటుంది. జేబులో ఫోను వెచ్చగా తగులుతూ ఉంటుందా? కారణం ఇదే.

బడిలో ఉన్నంతసేపు మూడు మార్పులు చేయండి. రెండో సిమ్‌ను సెట్టింగ్స్‌లోనే ఆపండి, తీయనక్కరలేదు, ఇంటికి వచ్చాక మళ్లీ వెలిగించవచ్చు. నెట్‌వర్క్ రకాన్ని 4జీకి కట్టండి. బడిలో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ వెలిగించి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఆపైన వైఫై ఒక్కటే వేయండి. కాల్స్ వైఫై మీదుగా వస్తాయి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సదుపాయం మొదలుపెట్టాయి, అదనపు రుసుము లేదు. అయినా దీన్ని వాడేవారు నా చుట్టూ తక్కువే, అది నాకు బాధగా ఉంటుంది.

టంకం
ఏప్రిల్ 10, రాత్రి 8:40

చిన్నతెర గారికి వందనం. బల్ల ముందు కూర్చునే మాకు ఫోనే కనిపిస్తుంది, అది రోజంతా ఎక్కడ తిరుగుతుందో కనిపించదు. ఇకపై నా దగ్గరికి వచ్చేవారిని ఈ ప్రశ్న కూడా అడుగుతాను.

వేపనీడ
ఏప్రిల్ 10, రాత్రి 9:30

నాది వ్యవసాయ శాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగం. పొలం పొలానికీ వెళ్లి, హద్దులో నిలబడి, ఫోటో తీసి నమోదు చేయాలి. జీపీఎస్, కెమెరా, నిండు వెలుతురులో తెర, పైన ఎండ. నిరుడు మే నెలలో మా దగ్గర 44 డిగ్రీలు ఉన్న రోజున ఫోను 'చల్లబడే దాకా ఆగండి' అని ఆగిపోయింది. మాస్టారి ప్రశ్నకు ఇదీ సంబంధించినదే. కొత్త ఫోను కొన్నా ఎండ ఎండే కదా. దీనికి ఏమి చేస్తారు మీరంతా?

టంకం
ఏప్రిల్ 10, రాత్రి 10:10

వేపనీడ గారూ, ఫోన్ల తయారీదారులు సాధారణంగా చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మన ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే అది దాటిపోతుంది. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు, నిండు ఛార్జి మరో శత్రువు, రెండూ కలిస్తే బ్యాటరీ ఆయుష్షు నిలువునా కరిగిపోతుంది. బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైటులో ఒక పట్టిక ఉంది. బ్యాటరీని 40 శాతం ఛార్జితో 25 డిగ్రీల్లో ఏడాది ఉంచితే 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. నిండు ఛార్జితో 40 డిగ్రీల్లో అదే ఏడాది ఉంచితే మిగిలేది 65 శాతం. ఆ పట్టిక చూసినప్పటి నుంచి నేను బండి పెట్టెలో ఫోను పెట్టడం మానేశాను.

పొలంలో మీరు చేయగలిగినవి: ఫోటోకు ఫోటోకు మధ్య తెర ఆపి చొక్కా జేబులో కాకుండా సంచిలో, గుడ్డ మధ్యన పెట్టండి. మందపాటి రబ్బరు కవరు తీసేయండి. ఎండలో పవర్ బ్యాంకుతో ఛార్జి చేయకండి, చెట్టు కిందికి వచ్చి అయిదు నిమిషాలు ఆగి అప్పుడు తగిలించండి. వేడెక్కిన ఫోనును ఫ్యాను కిందో, గాలి తగిలే చోటో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. లోపల నీటి చెమ్మ పడుతుంది, ఆ తుప్పుతో నా దగ్గరికి వచ్చిన బోర్డులు ఎన్నో చూశాను. మోటారు సైకిల్ హ్యాండిల్ మీద ఎండకు ఎదురుగా బిగించి దారి చూసుకుంటూ ఛార్జింగ్ కూడా పెట్టేవారు ఉన్నారు. వారి బ్యాటరీలు రెండేళ్లలో నా దగ్గరికి వస్తాయి.

మంజీర తీరం
ఏప్రిల్ 11, ఉదయం 7:15

డార్క్ మోడ్ పెడితే సగం బ్యాటరీ మిగులుతుందని విన్నాను. మాస్టారు అది ప్రయత్నించారా?

చిన్నతెర
ఏప్రిల్ 11, ఉదయం 8:00

సగం మిగిలేది ఎండలో మాత్రమే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2021లో ఓఎల్ఈడీ తెరల మీద (ప్రతి చుక్కా తానే వెలిగే తెరలు, నలుపు ఉన్నచోట ఆరిపోతాయి) కొలిచి చూశారు. వెలుతురు నూరు శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్‌తో 39 నుంచి 47 శాతం దాకా ఆదా. ఇంట్లో మనం వాడే 30 నుంచి 50 శాతం వెలుతురులో ఆదా 3 నుంచి 9 శాతమే. ఎల్‌సీడీ తెరకు వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి లాభం దాదాపు ఉండదు. అంటే వేపనీడ గారికి ఇది బాగా పనికొస్తుంది, మాస్టారికి అంతగా కాదు.

మెరుపుతీగ
ఏప్రిల్ 11, ఉదయం 11:25

నేను భిన్నంగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. కొత్త ఫోను కొనడానికి ఇంతకన్నా మంచి సమయం రాలేదు. అదే పరిమాణంలో ఎక్కువ ఛార్జి పట్టే సిలికాన్ కార్బన్ బ్యాటరీలు మామూలు ధరల్లోకి వచ్చాయి. 2023లో చైనాలో హానర్ మ్యాజిక్5 ప్రోతో మొదలైంది. 2025 ఏప్రిల్‌లో ఐకూ జెడ్10 మన దగ్గర 7300 ఎంఏహెచ్‌తో వచ్చింది, అదే ఏడాది వన్‌ప్లస్ 15 కూడా 7300తోనే. అయిదేళ్ల కిందట ఇంత బ్యాటరీ ఉంటే ఫోను ఇటుకంత ఉండేది. నేను వాడుతున్నాను, రెండు రోజులకు ఒకసారి ఛార్జి చేస్తున్నాను. మాస్టారి బడిలో సిగ్నల్ ఎంత తక్కువగా ఉన్నా ఈ బ్యాటరీ తట్టుకుంటుంది. పాతదాన్ని పట్టుకుని సిమ్ ఆపు, 4జీ పెట్టు అని రోజూ ఎందుకు ఇబ్బంది పడాలి?

టంకం
ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:50

మెరుపుతీగ తమ్ముడూ, కోపం ఎందుకు. ఆ బ్యాటరీలు మంచివే, ఎందుకు మంచివో కూడా చెబుతాను. ఇప్పటిదాకా బ్యాటరీలోని ఋణధ్రువం గ్రాఫైట్‌తో చేసేవారు. ఒక గ్రాము గ్రాఫైట్ 372 ఎంఏహెచ్ పట్టుకుంటుంది. సిలికాన్ దానికి దాదాపు పది రెట్లు పట్టుకోగలదు. చిక్కు ఏమిటంటే లిథియం నింపుకున్నప్పుడు సిలికాన్ మూడు రెట్ల దాకా ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుంచించుకుపోతుంది. రోజూ అలా ఉబ్బి తగ్గితే పొడి పొడి అయిపోతుంది. అందుకే కార్బన్ గూట్లో కొద్ది పాళ్లలో కలుపుతున్నారు.

నా అభ్యంతరం ఒక్కటే. అయిదారేళ్లు మన ఎండల్లో వాడిన సిలికాన్ కార్బన్ బ్యాటరీ ఇంకా ఎవరి దగ్గరా లేదు, అన్నేళ్లు కాలేదు కాబట్టి. నేడు కొనేవారు కొనవచ్చు. కానీ బాగున్న ఫోనును దాని కోసం పారేయాలంటే నా మనసు ఒప్పదు.

మంజీర తీరం
ఏప్రిల్ 11, సాయంత్రం 4:30

ధరల సంగతీ చూడాలి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌లకు కరవు వచ్చింది. ప్రపంచంలో డీర్యామ్‌లో, అంటే ఫోన్లలో ర్యామ్‌గా వాడే మెమరీ చిప్‌లలో, అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే తయారుచేస్తాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు వాటి ఉత్పత్తి మళ్లింది. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆ భారం మొదట తగిలేది మధ్యతరగతి ఫోన్లకే, ఎందుకంటే వాటిలో లాభం తక్కువ, మెమరీ ఖర్చు వాటా ఎక్కువ. అదే ధరకు తక్కువ ర్యామ్ ఇస్తారు, లేదా ధర పెంచుతారు. పైగా ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం.

మాస్టారి 6 జీబీ ఫోను ఈరోజు చిన్న ఆస్తి. నేనైతే అమ్మను.

మెరుపుతీగ
ఏప్రిల్ 11, సాయంత్రం 5:10

సరే, ధర దగ్గర మీ మాట ఒప్పుకుంటాను. కానీ భద్రత సంగతి ఏమిటి? ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగిన ఫోనులో బ్యాంకు యాప్, యూపీఐ వాడటం నాకు భయంగా ఉంటుంది. మాస్టారూ, మీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్) తేదీ ఏమి ఉంది?

బడిగంట
ఏప్రిల్ 11, సాయంత్రం 6:35

2024 అక్టోబరు అని ఉంది. దాని కింద గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని మరో తేదీ ఉంది, అది కొత్తగానే ఉంది. రెండింటికీ తేడా ఏమిటి?

చిన్నతెర
ఏప్రిల్ 11, రాత్రి 9:20

ఇక్కడ మెరుపుతీగ గారి భయం నిజమైనదే, తేలిగ్గా తీసుకోకూడదు.

మొదటి తేదీ మీ ఫోను తయారీ సంస్థ పంపే ప్యాచ్‌ది. చిప్ డ్రైవర్లు, కెర్నెల్ లాంటి లోతైన భాగాల్లో కంతలు పూడ్చేది అదే. అది ఆగిపోయింది, ఇక రాదు. రెండోది గూగుల్ నేరుగా పంపేది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలోని కొన్ని భాగాలను విడగొట్టి ప్లే స్టోర్ మార్గంలోనే సరిచేసే ఏర్పాటు చేశారు. ఆ తలుపు మీకు ఇంకా తెరిచే ఉంది. బ్రౌజరు, వాట్సాప్, బ్యాంకు యాప్‌లు వేరుగా అప్‌డేట్ అవుతూనే ఉంటాయి. క్రోమ్ ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది, మీ 13కు ఇంకా చాలా దూరం ఉంది. కాబట్టి ఇంటికి గోడలు పాతబడ్డాయి, తాళాలు మాత్రం కొత్తవి పడుతున్నాయి. ఏడాదో రెండేళ్లో జాగ్రత్తగా నడపవచ్చు, అయిదేళ్లు కాదు.

ఒక ప్యాచ్ విలువ ఏమిటో మన తెలుగువారికి 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా' అనే అక్షరం, దాని మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో సందేశంగా వస్తే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.5లో ఆ యాప్ కుప్పకూలేది, తెరిచిన ప్రతిసారీ మళ్లీ కూలేది. మ్యాక్, యాపిల్ వాచీలకూ అదే గతి. మన జ్ఞానంలోని అక్షరాన్ని గీయడం తెలియక ప్రపంచంలోని ఫోన్లు ఆగిపోయాయి. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి సరిచేసింది. అప్‌డేట్ అందుకున్నవారు బయటపడ్డారు. అప్‌డేట్లు రాని ఫోనుకు ఇలాంటి రోజు వస్తే దిక్కు ఉండదు.

కొత్తది కొనే రోజు వచ్చినప్పుడు ముందు అప్‌డేట్ల కాలం చూడండి. 2023లో పిక్సెల్ 8కి, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు ప్రకటించారు. అవి ఖరీదైనవి. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ లాంటి తక్కువ ధర ఫోనుకూ ఆరేళ్ల మాట ఇచ్చారు. పాతిక వేల లోపు చూసేవారికి కెమెరా మెగాపిక్సెళ్ల కన్నా ఈ అంకె ముఖ్యం.

ఎర్రమట్టి
ఏప్రిల్ 12, ఉదయం 6:50

ప్యాచ్‌ల గురించి ఇంత మాట్లాడుకున్నాం కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పిన్నిగారి ఫోను కొత్తది, ప్యాచ్ ఆ నెలదే. వాట్సాప్‌లో తెలిసినవారి నంబరు నుంచి పెళ్లి శుభలేఖ పేరుతో ఒక ఫైలు వచ్చింది. చివర ఏపీకే అని ఉంది, అంటే అది బొమ్మ కాదు, ఫోనులో వేసే యాప్. పెళ్లి ఎవరిదో చూద్దామని నొక్కారు, అడిగినవన్నీ అనుమతించారు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా. అరగంటలో ఖాతాలోంచి 48 వేలు పోయాయి. పంపిన బంధువుకు ఏమీ తెలియదు, ఆయన ఫోనూ అలాగే చిక్కింది.

వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాం కాబట్టి కొంత సొమ్ము మధ్యలో నిలిపివేశారు. శుభలేఖ బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, ఏపీకేగా ఎన్నడూ రాదు. చలానా, రైతు పథకం, బ్యాంకు కేవైసీ పేర్లతో వచ్చేవీ ఇంతే. దయచేసి మీ ఇళ్లలో పెద్దలకు ఈ ఒక్క మాట కూర్చోబెట్టి చెప్పండి.

చిన్నతెర
ఏప్రిల్ 12, ఉదయం 7:30

ఎర్రమట్టి గారూ, చదువుతుంటే మనసు కలుక్కుమంది. పిన్నిగారికి ధైర్యం చెప్పండి, తప్పు ఆమెది కాదు.

ఒక సాయం ఉంది. ప్లే స్టోర్‌లో పైన మన బొమ్మ నొక్కితే హానికర యాప్‌లను పట్టుకునే ప్లే ప్రొటెక్ట్ కనిపిస్తుంది. దాన్ని ఎప్పుడూ ఆపకూడదు. బయటి నుంచి వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్‌లు, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ (తెరను చదివి నడిపే వీలు) లాంటి అనుమతులు కోరితే వేయనివ్వకుండా అడ్డుకునే ఏర్పాటును గూగుల్ 2024లో భారత్‌లోనూ మొదలుపెట్టింది. ఇలాంటి యాప్ పంపేవాడు ముందు ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమని చెబుతాడు. ఆ మాట వినబడిన క్షణమే ఫోను పక్కన పెట్టేయాలి.

సముద్రఘోష
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:15

జర్మనీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి, అవి భారత్‌లోనూ రావాలని నా కోరిక. ఐరోపా సమాఖ్యలో అమ్మే ప్రతి కొత్త ఫోను పెట్టె మీద చీటీ ఉంటుంది. విద్యుత్ వాడకానికి ఏ నుంచి జీ దాకా, మరమ్మతు సౌలభ్యానికి ఏ నుంచి ఈ దాకా అక్షరం, బ్యాటరీ ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో అంకె. 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం ఉండాలి. అమ్మకం ఆగిపోయాక కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. టైప్-సీ ఛార్జింగ్ 2024 డిసెంబరు 28 నుంచే తప్పనిసరి. గత నెల చెల్లెలికి ఫోను కొంటూ రెండు పెట్టెల మీది చీటీలు పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మేవారిని ఏమీ అడగనవసరం లేకపోయింది. కొనేవారికి ఇది ఎంత గౌరవమో అనిపించింది.

భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. మాస్టారూ, మీ ఫోను సంస్థ అందులో ఉందేమో, అధీకృత సర్వీసు కేంద్రం ఎక్కడ ఉందో చూడండి.

టంకం
ఏప్రిల్ 12, సాయంత్రం 7:00

మాస్టారు బ్యాటరీ వేయించుకునే వైపే మొగ్గుతున్నట్టున్నారు కాబట్టి జాగ్రత్తలు రాస్తాను. ఇది నా పని, అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను.

అధీకృత కేంద్రంలో మీ మోడల్ బ్యాటరీ దొరికితే మొదట అక్కడికే వెళ్లండి. దొరకకపోతే బయటి దుకాణంలో వేయించుకోవచ్చు, కానీ కళ్లముందు చేయించుకోండి. కొత్త బ్యాటరీ మీద మోడల్ నంబరు మీ పాతదానితో సరిపోవాలి. తయారైన తేదీ చూడండి. రెండేళ్లు పెట్టెలో పడుకున్న బ్యాటరీ కొత్తది కాదు. మీ పాత బ్యాటరీ 5000 అయితే అదే కొలతలో 6500 అని ముద్రించినది తెస్తే వెంటనే వద్దనండి, ఆ అంకె అబద్ధం. తూకంలో కూడా నకిలీ తేలిగ్గా ఉంటుంది.

వెనుక మూత తీసేటప్పుడు వేడి గాలితో జిగురు మెత్తబరుస్తారు. బ్యాటరీని లోహపు పట్టీతో పెకలించనివ్వకండి, గీత పడితే మంట అంటుకుంటుంది. ప్లాస్టిక్ పట్టీ, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఓపిక చాలు. మూత మళ్లీ అతికేటప్పుడు కొత్త జిగురు టేపు వేయమని అడగండి. అయినా ఆ తర్వాత మీ ఫోనుకు నీటి నుంచి రక్షణ మునుపటిలా ఉందని అనుకోవద్దు. ఒకవేళ తడిస్తే ఆపివేసి, పోర్టు కిందికి ఉండేలా దులిపి, గాలికి ఆరబెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టకండి. ఆ పొడి పోర్టులోకి వెళుతుంది, యాపిల్ సంస్థే అలా చేయవద్దని చెబుతోంది.

ఫోను దుకాణంలో వదిలి రావలసి వస్తే సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. ఫోటోలు ముందే నకలు చేసుకోండి. తెర తాళం పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇవ్వకండి. బ్యాటరీ మార్చడానికి పాస్‌వర్డ్ అక్కరలేదు, అడిగేవారిని ఎందుకని అడగండి. బిల్లు మీద ఎన్ని నెలల గ్యారంటీయో రాయించుకోండి.

కొత్త బ్యాటరీ వేశాక 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు మీ ఫోనులో ఉంటే వెలిగించండి. ఐఫోన్ 15 నుంచి, చాలా ఆండ్రాయిడ్లలోనూ ఉంది. ప్రయాణం ఉన్న రోజు మాత్రం నిండా పెట్టుకోండి, బ్యాటరీ మన కోసం కానీ మనం బ్యాటరీ కోసం కాదు.

ఎర్రమట్టి
ఏప్రిల్ 12, రాత్రి 8:45

ఒకవేళ పాత ఫోను, సెకండ్‌హ్యాండ్ ఫోను కొనాలని ఎవరైనా అనుకుంటే డబ్బు ఇచ్చే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) చూడండి. కేవైఎం అని ఆంగ్లంలో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. బ్లాక్ అయినట్టు వస్తే అది దొంగిలించిన ఫోను కావచ్చు, వదిలేయండి. నా ఫోను పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు ఇచ్చి కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేశాను. అయిదు నెలల తర్వాత వేరే జిల్లాలో దొరికిందని పిలిచి ఇచ్చారు. పెట్టె మీది ఐఎంఈఐ చీటీ దాచుకోబట్టే అది సాధ్యమైంది.

బడిగంట
ఏప్రిల్ 19, రాత్రి 8:30

వారం తర్వాత వస్తున్నాను, లెక్కలతో వచ్చాను.

మొదటి నాలుగు రోజులు పాత బ్యాటరీతోనే చిన్నతెర గారు చెప్పిన మార్పులు చేశాను. బడిలో రెండో సిమ్ ఆపాను, 4జీకి కట్టాను. మా బడి బ్రాడ్‌బ్యాండ్‌కు వైఫై కాలింగ్ పనిచేస్తోంది. రెండు గంటలకు 15 ఉండేది నాలుగు రోజుల సగటున 41. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

ఆక్యుబ్యాటరీ అంచనాలో మిగిలిన సామర్థ్యం 68 శాతం వచ్చింది. అందుకని శుక్రవారం బ్యాటరీ మార్పించాను. అధీకృత కేంద్రంలోనే దొరికింది, 1,900 రూపాయలు, ఆరు నెలల గ్యారంటీ. టంకం గారు చెప్పినట్టు తయారీ తేదీ చూపించమన్నాను, ఆ అమ్మాయి సంతోషంగా చూపించింది, ఇలా అడిగేవారు తక్కువ అంది. నిన్న శనివారం బడి నుంచి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి 62 శాతం ఉంది.

సిగ్నల్ లెక్కను పదో తరగతి పిల్లలకు వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు పునశ్చరణ చేసేటప్పుడు చెప్పాను. గది కిటికీ దగ్గర, వరండాలో, చెట్టు కింద డీబీఎం కొలిచి నల్లబల్ల మీద రాశాం. ఇన్నేళ్లలో ఈ పాఠానికి ఇన్ని చేతులు లేవడం చూడలేదు. చెట్టు కింద మైనస్ 97 వచ్చింది. ఇప్పుడు నేను ఫోను మాట్లాడేది అక్కడే.

ఇంకొక సందేహం మిగిలింది. పాత బ్యాటరీని వారు నాకే ఇచ్చేశారు. దాన్ని ఏమి చేయాలి?

టంకం
ఏప్రిల్ 19, రాత్రి 9:00

చెత్తబుట్టలో వేయకండి, పిల్లలకు ప్రయోగానికి కూడా ఇవ్వకండి. గుచ్చినా, వంచినా మంట వస్తుంది. దాని కనెక్టరు మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, ఎండ తగలని చోట, కాగితాలకు దూరంగా పెట్టండి. ఈసారి ఆ కేంద్రం వైపు వెళ్లినప్పుడు ఈ-వ్యర్థాల పెట్టెలో వేయమని ఇచ్చేయండి.

బడిగంట
ఏప్రిల్ 19, రాత్రి 9:12

టేపు చుట్టాను. సోమవారం ఆ దారిలోనే పని ఉంది, ఇచ్చి వస్తాను.